పాత మాత్ర ఆపిన మూడో రోజు నుంచి తలలో షాక్ కొడుతోంది, జబ్బు తిరగబెట్టిందా?

ప్రశ్న: నమస్తే మేడం. నాకు 36 ఏళ్లు. డిప్రెషన్‌కి మూడేళ్లుగా పారోక్సెటిన్ 20 ఎంజీ వాడుతున్నాను. మందు బాగానే పనిచేసింది. కానీ బరువు పెరిగాను, దాంపత్యం మీద ఆసక్తి పూర్తిగా పోయింది. మొహమాటం పక్కన పెట్టి ఆ సంగతి చెబితే డాక్టర్ గారు దాన్ని ఆపేసి, మర్నాటి నుంచి బుప్రోపియాన్ 150 ఎంజీ వేసుకోమన్నారు. రెండు రోజులు ఏమీ తెలియలేదు. మూడో రోజు నుంచి తల తిరగడం, వికారం, చెమటలు, రాత్రంతా పీడకలలు. కళ్లు పక్కకి తిప్పితే చాలు, తలలో చిన్న షాక్ కొట్టినట్టు జివ్వుమంటోంది. నిన్న ఫోన్ ఛార్జర్ కనిపించలేదని అరగంట ఏడ్చాను. ఇవాళ ఏడో రోజు. కొత్త మాత్ర నాకు పడలేదా? లేక జబ్బు తిరగబెడుతోందా? మా ఆయనేమో "మూడేళ్లు వాడావు, అలవాటైపోయింది, కొన్నాళ్లు ఓర్చుకో" అంటున్నారు. సొరుగులో పాత స్ట్రిప్ ఇంకా ఉంది. సగం ముక్క వేసుకోనా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ సొరుగు సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతాది చదివేలోపే మీరు లేచి వెళ్లి ఆ స్ట్రిప్ తీసేలా ఉన్నారు. సగం ముక్క వేసుకోవాలన్నది పిచ్చి ఆలోచనేమీ కాదు. ఇలాంటప్పుడు డాక్టర్లు కూడా చాలాసార్లు ఆ పనే చేస్తారు, ఆపేసిన మందు కొంత మళ్లీ మొదలుపెట్టి, ఈసారి మెల్లగా దించుతారు. కానీ మీ విషయంలో అది డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగాకే చేయాలి. మీరిప్పుడు వేసుకుంటున్న బుప్రోపియాన్, కాలేయంలో సివైపి2డి6 అనే ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. పారోక్సెటిన్‌ని విరగ్గొట్టి ఒంట్లోంచి పంపేది ముఖ్యంగా ఆ ఎంజైమే. అంటే బుప్రోపియాన్ మీద ఉండగా వేసుకున్న సగం ముక్క, ఒంట్లోకి వెళ్లాక సగం ముక్కలా ఉండకపోవచ్చు, అంతకంటే ఎక్కువగా పనిచేయొచ్చు. ఎంత ముక్క, ఎన్ని రోజులు, బుప్రోపియాన్ ఉంచాలా తీయాలా అన్నది ఆ లెక్క తెలిసినవాళ్లు చెప్పాలి. కాబట్టి సొరుగు మూసేసి ఇవాళే ఫోన్ చేయండి, అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగొద్దు. ఏం చెప్పాలో చివర్లో రాస్తాను.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. నేను డాక్టర్ని కాదు. ఈ మందులు వాడినదాన్ని, ఒకసారి తప్పుగా మార్చుకుని మంచం పట్టినదాన్ని, ఆ తర్వాత దీని గురించి దొరికిందల్లా చదివినదాన్ని. అంత వరకే నా అర్హత.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇది చాలావరకు విత్‌డ్రాయల్ లాగే ఉంది, అంటే మూడేళ్లుగా రోజూ వస్తున్న మందు హఠాత్తుగా రాకపోయేసరికి ఒళ్లు తడబడటం. ఆ అనుమానం మీ ఉత్తరంలోని తేదీలే చెబుతున్నాయి. రెండు రోజులు ఏమీ లేదు, మూడో రోజు మొదలైంది అన్నారు చూశారా, పారోక్సెటిన్ లెక్క సరిగ్గా అలాగే ఉంటుంది. రోజూ వాడేవాళ్ల రక్తంలో ఆ మందు సగానికి పడటానికి సుమారు 21 గంటలు పడుతుంది, మర్నాటికి మిగిలినదాంట్లో మళ్లీ సగం, ఆ మర్నాటికి ఇంకో సగం. మూడు, నాలుగు రోజులకు దాదాపు ఖాళీ. పైగా ఈ మందుకి ఒక వింత గుణం ఉంది. తనని విరగ్గొట్టే ఎంజైమ్‌ని తనే అణిచిపెడుతుంది, అంటే ఒంట్లో ఎక్కువ ఉన్నంత కాలం నెమ్మదిగా పోతుంది, తగ్గడం మొదలయ్యాక ఆ ఎంజైమ్ తేరుకుని మిగిలినదాన్ని ఇంకా వేగంగా పంపేస్తుంది. చివరి మెట్ల మీద తోసేసినట్టు ఉంటుంది వ్యవహారం. డిప్రెషన్ మందుల్లో ఆపితే ఎక్కువ ఇబ్బంది పెట్టేవేవని అడిగితే పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ అని ఠక్కున చెప్పేది ఇందుకే. వెన్లాఫాక్సిన్ మరీ ఘోరం, దాని సగం లెక్క ఐదు గంటలే, పొద్దున వేసుకోవడం మర్చిపోతే సాయంత్రానికే కొందరికి తెలిసిపోతుంది. ఇంకో చివరన ఫ్లూక్సెటిన్ ఉంటుంది, అదీ, ఒంట్లో అది మారి తయారయ్యే పదార్థమూ కలిపి వారాల తరబడి వెళ్లవు, అందుకే అది తనంతట తనే మెల్లగా దిగుతుంది.

మరి కొత్త మాత్ర వేసుకుంటున్నాను కదా, అది ఆ ఖాళీని పూడ్చదా అంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది, చాలామందికి ఎవరూ చెప్పనిదీ ఇదే. పారోక్సెటిన్ పనిచేసేది సెరటోనిన్ అనే మెదడు రసాయనం మీద. దాన్ని ఆపి సెర్ట్రలిన్‌కో ఎస్సిటాలోప్రామ్‌కో మారి ఉంటే, కొత్తదీ అదే పని చేసేది కాబట్టి ఒంటికి అంత తేడా తెలిసేది కాదు, కొందరికి అస్సలు తెలియదు. బుప్రోపియాన్ సెరటోనిన్ జోలికి పోదు. అది డోపమిన్, నారెపినెఫ్రిన్ అనే వేరే రసాయనాల మీద పనిచేసే మందు. లైంగిక ఆసక్తి తగ్గడం, బరువు పెరగడం లాంటివి దానితో తక్కువ కావడానికి కారణం కూడా అదే, మీ డాక్టర్ దాన్ని ఎంచుకున్నదీ అందుకే అయి ఉంటుంది, ఆ ఎంపికలో నాకు తప్పేమీ కనిపించలేదు. కానీ దాని అర్థం ఏమిటంటే, సెరటోనిన్ లెక్కలో మీరు ఒక మందు నుంచి ఇంకో మందుకి మారలేదు, 20 ఎంజీ నుంచి ఒక్క రాత్రిలో సున్నాకి దిగారు. పేరుకి మార్పిడి, ఒంటికి మాత్రం మానేయడమే. మిర్టాజపిన్ అనే ఇంకో డిప్రెషన్ మందుకి మారేవాళ్లకి కూడా ఇలాగే జరుగుతుంది, కాకపోతే దానితో నిద్ర బాగా పడుతుంది కాబట్టి రాత్రిళ్లు కాస్త తేలిగ్గా గడుస్తాయి.

తలలో ఆ జివ్వుమనడం గురించి. దీన్ని బ్రెయిన్ జాప్స్ అంటారు. అనుభవించని వాళ్లకి చెప్పడం చాలా కష్టం, చెప్పబోతే ఎదుటివాళ్లు మనవైపు అదోలా చూస్తారు. నేను మార్చుకున్న రోజుల్లో పుస్తకం చదవడం దానివల్లే మానేశాను. పంక్తి చివరికి వెళ్లి కళ్లు మళ్లీ ఎడమవైపు కొత్త పంక్తి మొదటికి దూకుతాయి కదా, ఆ దూకినప్పుడల్లా ఒక జివ్వు. పేజీకి ముప్పై పంక్తులుంటే ముప్పై సార్లు. ఒక సన్నటి తీగని ఎవరో లోపల మీటినట్టు, ఆ అరక్షణం ప్రపంచం ఒక ఫ్రేము దాటేసినట్టు. కొన్నాళ్లు తలనే తిప్పి చూసేదాన్ని, కళ్లని కదిలించకుండా, గుడ్లగూబలా. మీకు కూడా కళ్లు పక్కకి తిప్పితే వస్తోందన్నారు, ఈ మందులు ఆపినప్పుడు వచ్చే జాప్స్‌కి అదే గుర్తు. చూడటానికి భయంగా ఉంటుంది కానీ దీనివల్ల మెదడు దెబ్బతింటుందన్న ఆధారం ఏదీ లేదు. ఇది మూర్ఛ కాదు, పక్షవాతానికి ముందు సూచనా కాదు. తెలివి తప్పడం, ఒళ్లంతా కొట్టుకోవడం లాంటిది ఉంటే అది మాత్రం పూర్తిగా వేరే సంగతి, దాని గురించి కింద రాశాను.

జబ్బు తిరగబెట్టిందా అన్న భయం ఇంకా తీరలేదు కదా. తీరదు, ఎందుకంటే విత్‌డ్రాయల్‌లో ఏడుపు, చిరాకు, గుండె దడ, టెన్షన్ అన్నీ ఉంటాయి, లోపలి నుంచి చూస్తే డిప్రెషన్‌కీ దీనికీ పెద్ద తేడా కనపడదు. ఛార్జర్ కోసం అరగంట ఏడ్చిన మనిషికి "ఇది ఒట్టి రసాయనాల గొడవ" అంటే నమ్మబుద్ధి కాదు. అందుకని మనసుని అడక్కండి, క్యాలెండర్‌ని, ఒంటిని అడగండి. విత్‌డ్రాయల్ ఆపిన రోజుల్లోనే మొదలవుతుంది. డిప్రెషన్ తిరగబెట్టడం మామూలుగా వారాలు, నెలల మీద మెల్లగా కమ్ముకొస్తుంది. రెండోది, మూడేళ్ల కిందట డిప్రెషన్ వచ్చినప్పుడు మీకు ఈ షాకులు, ఈ తూలడం, ఈ చెమటలు ఉన్నాయా? గుర్తు చేసుకోండి. అప్పుడు లేనివి ఇప్పుడు ఉన్నాయంటే వచ్చింది పాత చుట్టం కాదు. మూడో గుర్తు డాక్టర్లు వాడేది, ఆపిన మందు కొంత తిరిగి ఇస్తే విత్‌డ్రాయల్ ఒకటి నుంచి మూడు రోజుల్లో చాలావరకు సర్దుకుంటుంది, అదే నిజంగా డిప్రెషన్ అయితే అంత త్వరగా కదలదు, వారాలు తీసుకుంటుంది.

ఇందులో మూడో పాత్ర కూడా ఉంది, కొత్త మాత్ర. బుప్రోపియాన్ మొదటి రెండు వారాల్లో తనంతట తనే నిద్ర చెడగొడుతుంది, నోరు ఎండిపోవడం, తలనొప్పి, చేతులు వణకడం, ఒక రకమైన కంగారు తెస్తుంది. అసలు మేలు కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. అంటే ఈ వారం మీ ఒంట్లో పాతదాని లోటు ఉంది, కొత్తదాని ఇబ్బంది ఉంది, కొత్తదాని మేలు మాత్రం ఇంకా రాలేదు. ఇంత దరిద్రపు వారాన్ని చూసి "ఈ మందు నాకు పడలేదు" అని తీర్పు ఇచ్చేస్తే మీకు పనికొచ్చే మందుని అన్యాయంగా వదులుకున్నట్టవుతుంది. నేను అదే పని చేశాను. ఎనిమిదో రోజు కొత్త మాత్ర పారేశాను, పాతదానికి వెళ్లిపోయాను, ఒంటికి పడనిది కొత్త మందు కాదని, దాని వంక పెట్టి పాతదాన్ని నేను ఆపిన వేగమని అర్థం కావడానికి ఏడాది పట్టింది. అప్పుడు నన్ను చూసిన డాక్టర్ ప్రిస్క్రిప్షన్ మీద పాతది కొట్టేసి కొత్తది రాశారు, ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే బావుండేది అని ఇప్పటికీ అనుకుంటాను, కానీ అడగని తప్పు నాది కూడా ఉంది.

అందుకే అడగండి. మందు మార్చడానికి ఒకే దారి లేదు. ఈ రోజు ఒకటి ఆపి రేపు ఇంకొకటి మొదలెట్టడం ఒక పద్ధతి, ఒకే జాతి మందుల మధ్య ఇది తరచుగా కుదురుతుంది. పాతదాన్ని మెట్లు మెట్లుగా తగ్గిస్తూ కొత్తదాన్ని మెట్లు మెట్లుగా పెంచడం ఇంకొకటి, దీన్నే క్రాస్ టేపర్ అంటారు. పాతదాన్ని పూర్తిగా దించాక కొత్తది మొదలుపెట్టడం మూడోది. కొన్ని జతలకి మధ్యలో ఖాళీ రోజులు తప్పనిసరి. ఎంఏఓఐ అనే జాతి పాతకాలపు డిప్రెషన్ మందులకి మారాలన్నా, వాటి నుంచి రావాలన్నా మామూలుగా 14 రోజులు ఆగాలి, ఫ్లూక్సెటిన్ నుంచి ఎంఏఓఐకి మారాలంటే 5 వారాలు ఆగాలి, లేకపోతే సెరటోనిన్ మితిమీరి ప్రాణం మీదకి వస్తుంది. ఇది మీకు వర్తించదు, కానీ "ఎవరో ఇలా మార్చుకున్నారట" అని విన్నదాన్ని మనం ఎందుకు పాటించకూడదో చెప్పడానికి రాశాను. కొన్నిసార్లు డాక్టర్లు పారోక్సెటిన్‌ లాంటి దాని నుంచి దించడానికి మధ్యలో ఫ్లూక్సెటిన్‌ని వంతెనలా వాడతారు. మీకు ఏది సరిపోతుందో నేను చెప్పలేను, కానీ ఇన్ని దారులు ఉన్నాయని తెలిస్తే అడగడం తేలికవుతుంది.

ఒకవేళ డాక్టర్ పాతదాన్ని తిరిగి కొంత మొదలుపెట్టి తగ్గిద్దాం అంటే, తగ్గించే తీరు గురించి ఒక విషయం తెలుసుకుని ఉండండి. 20 నుంచి 10కి దిగడం, 10 నుంచి సున్నాకి దిగడం, రెండూ పది ఎంజీలే, సమానమే అనిపిస్తుంది. మెదడుకి సమానం కాదు. మెదడులో ఈ మందులు వెళ్లి కూర్చునే చోట్లని స్కాన్‌లలో కొలిచి చూశారు. సిటాలోప్రామ్ అనే మందుకైతే 20 ఎంజీ దగ్గర సుమారు 80 శాతం చోట్లు నిండి ఉంటాయి, డోసు నాలుగో వంతుకి, అంటే 5 ఎంజీకి తగ్గించినా ఇంకా 60 శాతం దరిదాపుల్లోనే ఉంటాయి. మిగతా అరవై శాతం అంతా ఆ చివరి 5 ఎంజీలోనే ఉందన్నమాట! మొదటి పదిహేను ఎంజీలు తీసేసినా పెద్దగా తెలియకపోవడం, చివరి చిన్న ముక్క ఆపగానే మనిషి కూలబడటం ఇందుకే. 2019లో హోరోవిట్జ్, టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో ఇదే వాదన చేశారు, కిందకి వచ్చేకొద్దీ మెట్టు చిన్నది కావాలి, ఆఖరి మెట్టు అన్నిటికంటే చిన్నది కావాలి అని. ఆ తర్వాత 2020లో బ్రిటన్‌ రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ మందులు ఆపడం మీద ఇచ్చిన సమాచారంలోనూ ఈ మెల్లగా దిగే పద్ధతికి చోటు దొరికింది. మూడేళ్లు వాడిన మందుని వారాల మీద, అవసరమైతే నెలల మీద దించడం చాదస్తమేమీ కాదు.

ముక్కలు చేసేటప్పుడు మీ స్ట్రిప్ మీద పేరు పక్కన సిఆర్ అని ఉందేమో చూడండి. ఉంటే అది మెల్లగా కరిగే రకం, కోయకూడదు, నూరకూడదు, నమలకూడదు. ఇప్పుడు మీరు వేసుకుంటున్న బుప్రోపియాన్ కూడా ఎస్ఆర్ అనో ఎక్స్ఎల్ అనో ఉంటుంది, దాన్ని కూడా ముక్క చేయొద్దు, ఒక్కసారిగా మందంతా వదిలితే ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మామూలు పారోక్సెటిన్ మాత్ర అయితే మధ్యలో గీత ఉంటే సగం చేయొచ్చు. ద్రవ రూపంలో కూడా ఆ మందు తయారవుతుంది, చిన్న డోసులకి అది ఎంతో సుఖం, దొరుకుతుందేమో అడగండి.

రోజు విడిచి రోజు వేసుకోవడం అనే చిట్కా ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. మాత్రలు మిగుల్తాయి, గుర్తుంచుకోవడం తేలిక, వినడానికి తెలివైన పనిలాగే ఉంటుంది. పారోక్సెటిన్‌తో ఇది చేయొద్దు. 21 గంటల లెక్క గుర్తుందిగా, నలభై ఎనిమిది గంటలకోసారి వేసుకుంటే మీ రక్తంలో మందు ఒక రోజు పైకి, ఒక రోజు కిందకి, రోజు మార్చి రోజు మినీ విత్‌డ్రాయల్. తక్కువ డోసు అయినా సరే, రోజూ ఒకే వేళకి వేసుకోవడమే ఒంటికి ఇష్టం.

సరే, డాక్టర్ ఏం చెప్పినా ఈ నాలుగు రోజులు గడవాలి కదా. తూలుతున్నన్నాళ్లూ బండి తీయొద్దు, స్టూలు ఎక్కి పైనుంచి ఏదీ దించొద్దు. పడుకుని లేచేటప్పుడు ఒక నిమిషం మంచం అంచున కూర్చుని, కాళ్లు నేలకి ఆనించి, అప్పుడు లేవండి. ఒకేసారి ఎక్కువ తినకుండా కొంచెం కొంచెం తింటే వికారం తగ్గుతుంది, చెమటలు పడుతున్నాయి కాబట్టి నీళ్లు తాగుతూ ఉండండి. కాఫీ తగ్గించండి, బుప్రోపియాన్ మీద కాఫీ అంటే పరిగెడుతున్నవాడిని తరమడమే. ఆ మాత్రని పొద్దున్నే వేసుకోండి, సాయంత్రం వేసుకుంటే నిద్ర గోవిందా. మద్యం అలవాటు ఉంటే ముట్టొద్దు, కానీ రోజూ ఎక్కువగా తాగేవాళ్లయితే హఠాత్తుగా ఆపడం కూడా బుప్రోపియాన్‌తో ఫిట్స్‌కి దారి తీస్తుంది, ఆ సంగతి దాచకుండా డాక్టర్‌కి చెప్పండి. నిద్ర పట్టట్లేదని ఇంట్లో ఎవరిదో నిద్రమాత్ర తీసుకోవద్దు. జలుబు చేసిందని దగ్గు మందు సీసా ఎత్తేముందు కూడా అడగండి, చాలా దగ్గు మందుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఈ మందులతో కలిస్తే మంచిది కాదు.

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. పెద్ద డైరీ వద్దు, రోజుకి ఒక్క గీత. తేదీ, ఏ మందు ఎంత, తల తిరగడం పదికి ఎంత, షాకులు పదికి ఎంత, మనసు పదికి ఎంత, అంతే. నా పుస్తకంలో మొదటి పది రోజులు అంకెలు 8, 8, 9, 7, 8 అని ఉన్నాయి, నాకేమో ఏమీ తగ్గట్లేదు అనిపించేది, పద్నాలుగో రోజు పేజీ వెనక్కి తిప్పి చూస్తే అప్పుడప్పుడూ 5 కనిపించింది. ఒక మంచి రోజు, రెండు చెడ్డ రోజులు, మళ్లీ ఒక మంచి రోజు, ఇది అలా అలలుగానే తగ్గుతుంది, నిన్న బాగుండి ఇవాళ బాగోలేకపోతే మొదటికొచ్చినట్టు కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "బాగా లేదండి" అనే కంటే ఈ పేజీ చూపిస్తే పది నిమిషాల్లో పని అవుతుంది. ఇంకొకటి, ఈ రోజుల్లో ఉద్యోగం మానేయడం, పోట్లాడి మాటలు తెంచుకోవడం లాంటి పెద్ద నిర్ణయాలేవీ తీసుకోవద్దు. ఛార్జర్‌కే అరగంట ఏడ్పించిన వారం ఇది.

ఎన్నాళ్లు ఉంటుందంటారా? చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. కొందరికి వారాలు, కొద్దిమందికి నెలలు కూడా పట్టొచ్చు, దీన్ని దాచి "రెండు వారాల్లో పోతుంది" అని అందరికీ చెప్పడం వల్లే చాలామంది మూడో వారంలో బెంబేలెత్తిపోయారు. అలాగని ఈ మందులు ఆపే ప్రతివాళ్లకీ ఇలా జరగదు. 2024లో లాన్సెట్ సైకియాట్రీలోనే వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ, డెబ్బైకి పైగా అధ్యయనాలని కలిపి చూసి, నిజంగా మందు ఆపడం వల్లే లక్షణాలు వచ్చేవాళ్లు ఆరేడుగురిలో ఒకరు అని, తీవ్రంగా బాధపడేవాళ్లు సుమారు 35 మందిలో ఒకరు అని తేల్చింది. ఆ అధ్యయనాల్లో చాలావాటిలో జనం మందు వాడింది కొద్ది కాలమే, ఏళ్ల తరబడి వాడినవాళ్లకి ఈ అంకె తక్కువే చెబుతోందని కొందరు నిపుణులు అభ్యంతరం పెట్టారు, నాకూ అది సబబే అనిపిస్తుంది. ఏమైనా మీకు వచ్చింది ఊహ కాదు.

ఇప్పుడు ఈ పేరా మీ ఆయనకి చూపించండి. అయ్యా, "అలవాటైపోయింది" అన్నారు, ఆ మాటలో సగం నిజం ఉంది. ఒళ్లు మందుకి సర్దుకుంది, అది లేకపోతే తడబడుతోంది. బీపీకి వాడే బీటా బ్లాకర్‌ని ఒక్కసారిగా ఆపినా గుండె ఎదురు తిరుగుతుంది, దాన్ని ఎవరూ వ్యసనం అనరు. వ్యసనంలో ఇంకా కావాలనే యావ ఉంటుంది, డోసు పెంచుకుంటూ పోవడం ఉంటుంది, దానికోసం అబద్ధాలు ఉంటాయి. మీ ఆవిడ మూడేళ్లు అదే 20 ఎంజీ వేసుకుంది, ఇబ్బంది వస్తే వెళ్లి డాక్టర్‌కి చెప్పుకుంది. ఓర్చుకోమనే బదులు ఈ వారం వంట, పిల్లలో పెద్దలో ఎవరుంటే వాళ్ల పనీ మీరు చూసుకోండి, ఆవిడ ఏడుస్తుంటే కారణం అడక్కుండా పక్కన కూర్చోండి. కింద రాసిన గుర్తులు మీరు కూడా చదివి పెట్టుకోండి, ఆవిడకంటే ముందు మీకే కనపడొచ్చు.

చచ్చిపోవాలనిపించడం, తనని తాను గాయపరచుకోవాలనిపించడం వస్తే, ఒక్క ఆలోచనగా వచ్చి పోయినా సరే, ఆ గంటలోనే ఎవరికైనా చెప్పి ఎమర్జెన్సీకి వెళ్లాలి లేదా మీరున్న చోట పనిచేసే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయాలి. మందు మారే, డోసు మారే వారాల్లో ఇది ఎవరికైనా రావొచ్చు, ముఖ్యంగా పాతికేళ్ల లోపు వాళ్లలో ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. ఫిట్స్ వస్తే బుప్రోపియాన్ వెంటనే ఆపి ఆసుపత్రికి. గతంలో ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉన్నా, తిండి మానేయడం, తిని కక్కేయడం లాంటి ఈటింగ్ డిజార్డర్ ఉన్నా ఆ మందు వాడకూడదు, డాక్టర్‌కి చెప్పడం మర్చిపోయి ఉంటే ఇవాళ చెప్పండి. జ్వరం కాల్చేస్తూ, కండరాలు బిగుసుకుపోయి, కాళ్లు వాటంతట అవే కొట్టుకుంటూ, మనిషి అయోమయంగా మాట్లాడుతుంటే అది విత్‌డ్రాయల్ కాదు, సెరటోనిన్ ఎక్కువైపోయి ఉండొచ్చు, సొంతంగా పాత మందు కూడా కలిపి వేసుకున్నవాళ్లలో దీన్ని మరీ గమనించాలి. దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, రెండు మూడు రోజులు నిద్ర లేకపోయినా అలసట లేకుండా, మాటలు ఆగకుండా, డబ్బు ఎడాపెడా ఖర్చు పెడుతూ ఉషారుగా ఉన్నా సంతోషించకండి, అది కూడా వెంటనే చూపించాల్సిందే.

ఇక ఆ ఫోన్. ఏడుపు వచ్చి మాట రాకపోవచ్చు కాబట్టి ఇది కాగితం మీద రాసుకుని చదివేయండి, సిగ్గేమీ లేదు, నేనూ చదివాను. "పారోక్సెటిన్ 20 మూడేళ్లు వాడి ఏడు రోజుల కిందట ఒకేసారి ఆపాను. మర్నాటి నుంచి బుప్రోపియాన్ 150. మూడో రోజు నుంచి తల తిరగడం, వికారం, చెమటలు, తలలో షాకులు, ఏడుపు. చనిపోవాలన్న ఆలోచనలు లేవు," ఉంటే ఉన్నాయనే చెప్పండి, "ఇది విత్‌డ్రాయల్ అనుకుంటున్నాను. పారోక్సెటిన్ కొంత మళ్లీ మొదలుపెట్టి మెల్లగా తగ్గించవచ్చా? అలా చేస్తే బుప్రోపియాన్ సంగతేమిటి?" డాక్టర్ లేరు, వారం తర్వాత రండి అంటే, "అప్పటిదాకా ఆగలేను, ఈ చీటీ ఆయనకి ఇవాళ అందజేయండి, సాయంత్రం మళ్లీ చేస్తాను" అనండి. సాయంత్రం మళ్లీ చేయండి. అప్పటికీ జవాబు రాకపోతే ఇంకో సైకియాట్రిస్ట్ దగ్గరికి రెండు స్ట్రిప్‌లూ, ప్రిస్క్రిప్షనూ చేత్తో పట్టుకుని వెళ్లండి.